లింగాకర్షక బుట్ట చెప్పేది, చెప్పనిది

ప్రత్తిలో గులాబీ రంగు పురుగు యాజమాన్యంపై వెలువడే కరపత్రాలన్నింటిలోనూ లింగాకర్షక బుట్టల ప్రస్తావన ఉంటుంది. అయితే నిఘాకు ఉద్దేశించిన బుట్ట, నివారణకు ఉద్దేశించిన బుట్ట తరచు ఒకే వాక్యంలో కలిసిపోతుంటాయి. దాంతో బుట్ట నిండా పురుగులు పడితే పైరు గట్టెక్కినట్లేనన్న భావన రైతుల్లో ఏర్పడుతుంది. కీటకాలు జతకట్టే తీరును పరిశీలిస్తే ఈ భావన ఎంత నష్టదాయకమో బోధపడుతుంది.

1959లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్, ఆయన సహచరులు సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథుల నుంచి బాంబికాల్‌ను వేరుచేశారు. రసాయన నిర్మాణం తెలిసిన తొలి కీటక లింగాకర్షకం అదే. చాలా జాతుల రెక్కల పురుగుల్లో ఈ సంకేతం ఒకే రసాయనం కాదనీ, నిర్దిష్ట నిష్పత్తిలోని మిశ్రమమనీ తరువాతి పరిశోధనల్లో తేలింది. గులాబీ రంగు పురుగు సంకేతమైన గాసిప్లూర్‌ను 1973లో గుర్తించారు. దీని ఎరలో రెండు ఐసోమర్లు సమపాళ్ళలో ఉంటాయి. శనగపచ్చ పురుగు ఎరలో రెండు ఆల్డిహైడ్ల నిష్పత్తి 97:3. నిష్పత్తి తప్పితే మగ పురుగు స్పందన సన్నగిల్లుతుంది.

ఆడ పురుగు పిలుపు విని మగ పురుగు రావడంతోనే వ్యవహారం ముగియదు. అమెరికాలో జనుము కుటుంబపు క్రోటలేరియా మొక్కలపై బ్రతికే యుటిథీసా ఆర్నాట్రిక్స్‌పై థామస్ ఐస్నర్ బృందం జరిపిన పరిశోధనలు దీనికి చక్కని నిదర్శనం. లార్వా దశలో ఆ మొక్కల నుంచి గ్రహించిన ఆల్కలాయిడ్‌తో మగ పురుగు తన వాసనను తయారుచేసుకుంటుంది. ఆ వాసన అధికంగా ఉన్న మగ పురుగునే ఆడ పురుగు ఇష్టపడుతుంది. ఎంపికలో ఇరుపక్షాలకూ పాత్ర ఉందన్నమాట. బుట్టలోని ఎర ఈ సంభాషణలో మొదటి పిలుపును మాత్రమే అనుకరిస్తుంది. అందువల్ల బుట్టలో పడిన పురుగుల సంఖ్య జరిగిన సంపర్కాల సంఖ్య కాదు, పెట్టిన గుడ్ల సంఖ్య అంతకన్నా కాదు.

నివారణ దృష్టితో చూస్తే పరిమితులు మరింత స్పష్టమవుతాయి. ఈ బుట్టల్లో పడేవి మగ పురుగులే. ఒక మగ పురుగు పలు ఆడ పురుగులతో జతకట్టగలదు. కాబట్టి నూరింటిలో ఎనభై చిక్కినా, మిగిలిన ఇరవై చాలావరకు ఆడ పురుగులను ఫలవంతం చేయగలవు. పురుగు ఉధృతి పెరిగిన కొద్దీ చేనులోని ప్రతి ఆడ పురుగూ ఎరకు పోటీగా నిలుస్తుంది. పైగా పొరుగు చేలో జతకట్టిన ఆడ పురుగు ఎగిరివచ్చి గుడ్లు పెట్టడాన్ని ఏ బుట్టా ఆపలేదు.

సామూహిక ఆకర్షణ పద్ధతి పూర్తిగా నిష్ప్రయోజనమని దీని అర్థం కాదు. కొబ్బరిలో ఎర్రముక్కు పురుగుకు వాడేది సమూహాకర్షకం. దానికి ఆడ, మగ పురుగులు రెండూ వస్తాయి కనుక బుట్టలో పడిన ప్రతి ఆడ పురుగుతోపాటు అది పెట్టబోయే గుడ్లు కూడా తగ్గుతాయి. రెండు రకాల ఎరలకూ ఒకే తర్కం అన్వయించడమే పొరపాటు.

ప్రత్తిలో రసాయన సంకేతాన్ని నివారణకు వినియోగించే మార్గం సంపర్క అంతరాయం. చేనంతా కృత్రిమ వాసన నింపితే మగ పురుగు ఆడ పురుగు జాడను కనుగొనలేదు. మన దేశంలోనూ ఇటువంటి ఉత్పత్తులు వాడుకలోకి వచ్చాయి. అయితే ఇది పురుగు తక్కువగా ఉన్నప్పుడు, విశాలమైన విస్తీర్ణంలో చేపట్టినప్పుడే ఫలిస్తుంది. అమెరికా వాణిజ్య ప్రత్తి సాగులో గులాబీ రంగు పురుగు నిర్మూలన జరిగినట్లు 2018లో ప్రకటించారు. దాని వెనుక ఉన్నది బీటీ ప్రత్తి, వంధ్య పురుగుల విడుదల, సంపర్క అంతరాయం, పంట అవశేషాల నిర్మూలనలను ప్రాంతమంతటా కలిపి అమలుచేసిన కృషి. ఏ ఒక్క రైతు చేనులోని బుట్టలో కాదు.

జపాన్ తేయాకు తోటల అనుభవం మరో హెచ్చరిక. అక్కడ ఆకుచుట్టు పురుగుపై ఏళ్ళ తరబడి సంకేతంలోని ఒకే అంశాన్ని వాడటంతో దాని ప్రభావం క్షీణించింది. పలు అంశాల మిశ్రమంతో ఆ ప్రభావాన్ని పునరుద్ధరించవలసి వచ్చింది. ఎర నాణ్యత, మిశ్రమపు సమగ్రత అలక్ష్యం చేయదగిన విషయాలు కావు.

కావున విస్తరణ సిఫారసుల్లో మూడు మార్పులు అవసరం. మొదటిది, నిఘా బుట్టను 'నివారణ' శీర్షిక కింద చేర్చరాదు. రెండవది, బుట్ట ఇచ్చేటప్పుడే లెక్క పుస్తకం కూడా ఇచ్చి, వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 పురుగులు పడితే చర్య చేపట్టాలన్న పరిమితిని రైతు చేత పాటింపజేయాలి. ఆ లెక్కతోపాటు గుడ్డి పూలను, కాయలను కోసి పరిశీలించడం తప్పనిసరి. మూడవది, సంపర్క అంతరాయాన్ని రైతుకు కాక గ్రామానికి సిఫారసు చేయాలి.

పంపిణీ అయిన బుట్టల సంఖ్యతో విస్తరణ కృషిని కొలిచినంత కాలం ఈ మార్పులు రావు. బుట్టలో నమోదైన లెక్క ఆధారంగా సకాలంలో ఎన్ని గ్రామాలు కదిలాయన్నదే సరైన కొలమానం.