చేతులు కడుక్కున్నావా, అమ్మమ్మా?

మా పెద్దమ్మాయి వాళ్ళుండేది అట్లాంటాలో. మొన్న నేను వెళ్ళినప్పుడు పిల్లాడికి స్కూలు సెలవులిచ్చేశారు. ఇంకేం, అందరం కలిసి ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ చూడ్డానికి బయల్దేరాం. కారులో దాదాపు ఏడు గంటల ప్రయాణం. ప్రయాణమంటే మన ఇళ్ళల్లో ముందు పులిహోర కలుపుతాం కదా! నేనూ కలిపాను. పల్లీలు వేయలేదు. మా మనవడికి పల్లీలు పడవని నాకు తెలుసు. వాటి బదులు జీడిపప్పు వేయించి, నెయ్యి వాసన ఇల్లంతా గుప్పుమంటుంటే మా అమ్మాయి వంటింట్లోకొచ్చింది. "అమ్మా, వాడికి జీడిపప్పు కూడా పడదని మొన్న చెప్పానే!" అంది. గిన్నె మొత్తం పక్కన పెట్టేసింది. ఆ మూకుడూ, గరిటే కూడా ప్రయాణానికి రాలేదు.

నిజం చెప్పాలంటే నాకు లోపల కాస్త విసుగే. మా కాలంలో ఈ అలర్జీలెక్కడివి? పల్లీ చట్నీ లేకుండా దోసె తిన్న పిల్లలున్నారా అసలు? ఈ మాట పైకి అనలేదు గానీ, నా మొహం చూస్తే అన్నట్టే ఉండి ఉంటుంది. పిల్లాడికి ఏడేళ్ళు. ఏడాదిన్నర వయసులో ఎవరో పెట్టిన పీనట్ బటర్ బిస్కెట్ ముక్కకే మొహం వాచి, వాంతులై ఆస్పత్రిలో పడుకున్నాడు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. కళ్ళారా చూడలేదు. చూడనిదాన్ని నమ్మడం పెద్దవాళ్ళకి కొంచెం కష్టమే.

హోటల్ గది వద్దని వంటిల్లున్న అద్దె ఇల్లు తీసుకున్నారు. మా అమ్మాయి సంచి సర్దడం చూస్తే యుద్ధానికి వెళ్తున్నట్టే ఉంది. ఎపినెఫ్రిన్ పెన్నులు రెండు. ఒక్కటి చాలదట, ఒక్కోసారి రెండో డోసు అవసరం పడుతుందట. వాడి బరువుకి 0.15 మిల్లీగ్రాములది. ఫ్లోరిడా ఎండకి పాడవకుండా వాటిని ఒక చల్లని పౌచ్‌లో పెట్టింది. ఆగిన కారులో వదలకూడదు, అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. సూది లేని ఉత్తుత్తి పెన్ను ఒకటుంటుంది. దాంతో నా చేత కూడా ప్రాక్టీసు చేయించింది. తొడకి బయటి వైపు, ప్యాంటు మీంచే గుచ్చొచ్చు. ఆ వెంటనే 911కి ఫోన్. పిల్లాడు కుదుటపడినట్టు కనిపించినా సరే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. నేను మూడుసార్లు తప్పు చేశాను. నాలుగోసారి మా అల్లుడు గారు "ఇప్పుడు కరెక్ట్ అత్తయ్యా" అన్నారు.

పార్కులో తిండి గురించి మాత్రం నేను అనుకున్నంత భయం లేదు. బయటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు. మా టప్పర్‌వేర్ పెరుగన్నం హాయిగా లోపలికి వచ్చేసింది. రెస్టారెంట్లో కూర్చోగానే మా అమ్మాయి అలర్జీ సంగతి చెప్పింది. వాళ్ళు విసుక్కోలేదు, నవ్వలేదు. అలర్జీ ఉన్నవాళ్ళ మెనూ వేరే ఇచ్చారు. కాసేపటికి వంటాయనే స్వయంగా టేబుల్ దగ్గరికొచ్చి, పిల్లాడితో "నీకేం తినాలనుంది?" అని అడిగాడు. ఏడేళ్ళ పిల్లాడు బయట భోజనానికెళ్ళి ఆ మాట వినడం బహుశా అదే మొదటిసారి. బంగాళాదుంప వేపుళ్ళు ఏ నూనెలో వేయిస్తారు, అదే నూనెలో ఇంకేం వేయిస్తారు అని మా అమ్మాయి అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు.

అమెరికాలో ప్యాకెట్ మీద పల్లీ, పాలు, గుడ్డు లాంటి ముఖ్యమైన అలర్జీ పదార్థాలుంటే రాసి తీరాలి. నువ్వులు కూడా 2023 నుంచి ఆ జాబితాలో చేరాయి. అయితే "పల్లీలు తగిలి ఉండవచ్చు" అనే హెచ్చరిక ఉంటుందే, అది మాత్రం కంపెనీ ఇష్టం. ఆ మాట లేదంటే ప్రమాదం లేదని కాదు. ఈ సంగతి నాకు అక్కడే తెలిసింది.

అసలు చిక్కంతా మన తిండి దగ్గరే. రెండో రోజు రాత్రి నాకు అన్నం, పప్పు తినాలనిపించి మన వాళ్ళ హోటల్‌కి వెళ్ళాం. "నట్స్ ఏం లేవండీ" అన్నాడు సర్వర్ కుర్రాడు, అడగ్గానే. మా అమ్మాయి మళ్ళీ అడిగింది, కొర్మాలో గ్రేవీ చిక్కగా ఎలా వస్తుందని. "జీడిపప్పు పేస్టండీ." మరి చట్నీలో? "కొంచెం పల్లీ ఉంటుందండీ." అతన్ని తప్పుపట్టలేం. మనకి పల్లీ, జీడిపప్పు నట్స్ కావు, వంట సామాన్లు. పిల్లాడు ఆ రాత్రి పెరుగన్నమే తిన్నాడు.

ఇక నా సంగతి. మూడో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో డంబో ఏనుగుల దగ్గర వరసలో నిలబడ్డాం. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపించింది. హ్యాండ్‌బ్యాగ్ అడుగున హైదరాబాద్‌లో కొన్న పల్లీ పట్టీ ప్యాకెట్ ఉంది. అమ్మాయికి తెలీకుండా తెచ్చుకున్నదే. అటు తిరిగి రెండు ముక్కలు తిన్నాను. జాగ్రత్తగానే శానిటైజర్ రాసుకున్నాను కూడా. తర్వాత పిల్లాడి మొహం చెమటతో తడిసి ఉందని చేత్తో తుడిచి, బుగ్గ మీద ముద్దు పెట్టాను.

అయిదు నిమిషాలు కాలేదు. బుగ్గ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"అమ్మా, నువ్వేమన్నా తిన్నావా?" అంది మా అమ్మాయి. గొంతు పెంచలేదు. లేదు అనేద్దామని ఒక్క క్షణం నాలుక మీదిదాకా వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. బ్యాగ్ తెరిచి ప్యాకెట్ చూపించాను.

వరస వదిలేసి పరిగెత్తారు. సబ్బు పెట్టి మొహం కడిగారు. దురద మందు పట్టారు. ఆ మందు దద్దుర్లకే గానీ, ఊపిరాడకపోతే పనికిరాదట. అందుకని పార్కులోని ఫస్ట్ ఎయిడ్ సెంటర్లో రెండు గంటలు కూర్చున్నాం. పెన్ను మా అల్లుడు గారి చేతిలోనే ఉంది. దగ్గు వస్తుందా, వాంతి వస్తుందా, గొంతు మారుతుందా అని అందరం వాడి మొహమే చూస్తున్నాం. ఏదీ రాలేదు. దద్దుర్లు మెల్లగా తగ్గాయి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో గానీ చేతికంటిన పల్లీని వదిలించదని, సబ్బూ నీళ్ళూ లేదా తడి వైప్స్ కావాలని అక్కడ నర్సమ్మ చెప్పింది. నాకోసమే చెప్పిందని నాకు తెలుసు. అప్పటికే ఆ ప్యాకెట్ చెత్తబుట్టలో ఉంది.

సాయంత్రం వాడు పైనాపిల్ డోల్ విప్ తింటూ, ముందు అడిగి కనుక్కున్నాకే లెండి, నా పక్కన కూర్చున్నాడు. "నీకు తెలీదు కదా అమ్మమ్మా" అన్నాడు. తెలుసురా అందామనుకున్నాను, అనలేకపోయాను.

వాళ్ళు దసరాకి హైదరాబాద్ వస్తున్నారు. వాడికి రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలట. పల్లీల డబ్బా ఇప్పటికే ఎదురింటివాళ్ళకి ఇచ్చేశాను. గానుగ పట్టిన వేరుశనగ నూనె కూడా. శుద్ధి చేయని నూనెలో పల్లీ ప్రోటీన్ మిగిలే ఉంటుందట. మూకుడు కొత్తది కొనాలి. నిన్న వీడియో కాల్‌లో ముద్దు పెడుతున్నట్టు ఫోన్ దగ్గరికి మొహం పెట్టానో లేదో, అటునుంచి నవ్వుతూ అడిగాడు: "చేతులు కడుక్కున్నావా, అమ్మమ్మా?"