మన రంగును మననివ్వండి

వార్షికోత్సవం నాటి గ్రూపు ఫోటో మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి చిన్ననాటి ఏకైక ఫోటో. పాత విద్యార్థులు దాచి ఉంచిన ఫిలిం నెగటివ్‌లను ఈ ఏడాది మాకిచ్చారు. ఒక ల్యాబులో స్కాన్ చేయిస్తే, మనవాళ్ళను మేమే గుర్తుపట్టలేకపోయాం. అందరినీ తెల్లగా చేసి పంపారు. పైగా "బాగా వచ్చాయి కదా!" అన్నారు. బాగా రాలేదని మా అభిప్రాయం.

కలర్ నెగటివ్‌లో వెలుగు చీకటిగా, చీకటి వెలుగుగా ఉంటుంది. దానిపై నారింజ రంగు పొర ఒకటి. కంప్యూటర్ ఆ పొరను తీసేసి బొమ్మను తిరగేయాలి. ఎంత వెలుగు ఇవ్వాలన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. 'ఆటో' బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. నలభై నల్లని ముఖాలు వరుసగా కనిపిస్తే, ఫోటోకు వెలుగు చాలలేదనుకుని తెల్లబరుస్తుంది.

ఇది కొత్త రోగం కాదు. ఒకప్పుడు కొడాక్ ల్యాబులకు 'షర్లీ కార్డు' పేరుతో తెల్లజాతి స్త్రీ ఫోటో పంపేది. ఆమె ఒంటిరంగు సరిగా వస్తే ప్రింటు సరైనట్టే. నల్లని రంగులు సరిగా రావడం లేదని చెక్క సామాను, చాకొలెట్ కంపెనీలు ఫిర్యాదు చేశాకే కొడాక్ కదిలిందని కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో రాశారు. మనిషి రంగుకు లేని విలువ చెక్క రంగుకు దక్కిందన్నమాట!

మరి మార్గం లేదా? ఉంది. ఊహించడం మాని కొలవడమే. 1976లో వచ్చిన కలర్ చెకర్ పట్టీలో 24 రంగుల గళ్ళున్నాయి. మొదటి గడి నల్లని చర్మపు రంగే. కొలిచిన రంగులున్న ఇలాంటి పట్టీని స్కాన్ చేస్తే, స్కానర్ ఎక్కడ తప్పుతోందో ఆర్గిల్ సి.ఎం.ఎస్. లెక్కగడుతుంది. డార్క్‌టేబుల్‌లో 2020లో చేరిన నెగడాక్టర్‌కు ఫిలిం అంచున వెలుగు తగలని చోటు చూపిస్తే నారింజ పొరను అక్కడే కొలుచుకుంటుంది. రెండూ ఉచితమే. హాస్టల్ కంప్యూటర్‌లోనూ నేర్చుకోవచ్చు.

అయితే పాత ఫిలింలో రంగులు వెలిసిపోతాయి. ఏ సాధనమూ వాటిని పూర్తిగా తిరిగి తేలేదు. అందుకే చివరి మాట ఫోటోలో ఉన్నవారిదే కావాలి.

"తెల్లగా కనిపిస్తే నష్టమేమిటి?" అని కొందరు మిత్రులు అడిగారు. నష్టముంది. నలుపును తప్పుగా లెక్కించి దిద్దడమంటే మన అమ్మానాన్నల ముఖాలను తప్పనడమే. ఈ హాస్టల్‌లో చదివింది ఆ రంగు పిల్లలే. చరిత్రలోనూ ఆ రంగుతోనే నిలవాలి.

మిత్రులారా, మీ దగ్గరున్న నెగటివ్‌లు పారేయకండి. స్కాన్ చేయిస్తే దిద్దని ప్రతిని కూడా అడిగి తీసుకోండి. మన ఫోటోలను మనమే కడుగుదాం.