నమాజుకు తీరిక ఎవరివ్వాలి?

"చదువు, ఇంటిపని, బస్సు ప్రయాణం... ఇన్నిట్లో ఐదుపూటలా నమాజుకు టైం యాడుంది?" హోసూరు, కృష్ణగిరి పక్క ముస్లిం ఇండ్లలో ఆడపిల్లల నోట తరచుగా వినిపించే మాట ఇది. పెద్దవాళ్ళ జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "మనసుంటే టైం అదే దొరుకుతుంది." ఆ జవాబు సగమే నిజమని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. తప్పనిసరిగా చేయాల్సిన ఫర్జు రకాతులు ఫజర్‌లో 2, జుహర్‌లో 4, అసర్‌లో 4, మగ్రిబ్‌లో 3, ఇషాలో 4. మొత్తం 17. ఒక్కో రకాతుకు రెండు నిమిషాలు వేసుకున్నా 34 నిమిషాలే. సున్నతులు, వజూ అన్నీ కలిపినా గంటన్నర దాటదు. సెల్లు చూసేదానికి మనలో చాలామంది అంతకన్నా ఎక్కువే ఇస్తాం. ఇంతవరకు పెద్దల మాట నిజమే.

అయితే నమాజుకు నిమిషాలుంటే చాలదు, వేళ తప్పకూడదు. ఖురాను దాన్ని నిర్ణీత వేళలతోనే విధించింది. జుహర్‌తో పెద్ద చిక్కు లేదు. పొద్దు నడినెత్తి దాటినప్పటి నుంచి సుమారు మూడు గంటల వ్యవధి ఉంటుంది, మధ్యాహ్నం భోజనం బెల్లులోనే ముగించుకోవచ్చు. కష్టమంతా మగ్రిబ్‌తోనే. పొద్దు కుంకినాక దానికుండేది గంటకు కాస్త పైన. కృష్ణగిరిలో బస్సెక్కి శూలగిరి మీదుగా హోసూరు చేరే అమ్మాయికి అందులో సగం దారిలోనే పోతుంది. ఇల్లు చేరితే పొయ్యి, అంట్లు, తమ్ముడి హోంవర్కు కాచుకోనుంటాయి. సిప్‌కాట్ కంపెనీల్లో షిఫ్టుకు పోయొచ్చే అక్కలదీ ఇదే పాట్లు.

అదే ఇంట్లో అన్న అజాను వినపడగానే మసీదుకు పోతాడు. మసీదులో ఉన్నవాణ్ణి మధ్యలో "నీళ్ళు తీసుకురా" అని ఎవరూ పిలవరు. ఆడవాళ్ళకు ఇంట్లో నమాజే మేలంటారు. సరే, కానీ మన పనులుండేదీ ఆ ఇంట్లోనే కదా! అతనికి వేళతోపాటు తావు కూడా దొరికింది. మనకు మిగిలింది "మనసుంటే" అనే ఉపదేశం.

ఇంటిపని కూడా పుణ్యమేనని కొందరంటారు. కాదనను. కానీ ఆ పుణ్యం ఫర్జు నమాజుకు బదులు కాదు. పైగా అది ఆడవాళ్ళకే రాసిపెట్టిన పుణ్యమూ కాదు. ప్రవక్త ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళకు పనుల్లో సాయం చేసేవారు, నమాజు వేళ కాగానే వెళ్ళేవారు అని ఆయన భార్య ఆయిషా చెప్పినట్టు బుఖారీ హదీసుల్లో ఉంది. ఆ హదీసులో రెండో సగం మన ఇండ్లలో బాగా అమలవుతోంది. మొదటి సగాన్ని కూడా తలుచుకుంటే బాగుంటుంది. మగ్రిబ్ వేళ పొయ్యి దగ్గర పది నిమిషాలు అన్న నిలబడితే చెల్లెలి నమాజు ఖజా కాదు.

కాలేజీలో మనం చేయగలిగిందీ కొంత ఉంది. భోజనం బెల్లు మొత్తాన్ని స్పెషల్ క్లాసు మింగకుండా పది నిమిషాలు మిగిల్చితే చాలు. వజూకు ఒక కొళాయి, దుప్పటా పరిచేంత శుభ్రమైన మూల ఉంటే చాలు. స్నేహితురాలు లేచినప్పుడు ఆమె బ్యాగు చూసుకోండి. ఒక్క మనవి: "ఈరోజు నమాజు చేయలేదేం?" అని మాత్రం నలుగురిలో అడగొద్దు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళకు నమాజు లేదు, తర్వాత తీర్చాల్సిన పనీ లేదు.

ఇంత చెప్పానని నమాజు బాధ్యత ఇంకొకరి మీదికి తోసినట్టు కాదు. చేయాల్సింది మనమే. చేయనిచ్చే బాధ్యత మాత్రం ఇంటిల్లిపాదిదీ.