అభ్యాసం కూసు విద్య : పేకముక్కల విన్యాసం చెప్పే పాఠం

పేక అనగానే మన పెద్దల నొసలు ముడిపడుతుంది. అందుకు కారణం లేకపోలేదు. పేకాట మూలంగా గుల్లయిన సంసారాలు ప్రతి ఊరిలోనూ కనబడతాయి. జూదం మన మతం నిషేధించినది. ఈ విషయంలో మేము పెద్దల పక్షానే నిలుస్తాము. అయితే ఇటీవల మన విద్యార్థులలో కొందరు సెల్‌ఫోన్లలో చూచి నేర్చుకుంటున్నది పేకాట కాదు. ముక్కలను విసనకర్రవలె విప్పటం, ఒంటిచేత్తో పేకను కోయటం, ముంజేతిపై వరుసగా పరచి ఒక్క కదలికతో తిరగవేయటం వంటి విన్యాసాలవి. పాశ్చాత్య దేశాలలో దీనిని నేడు 'కార్డిస్ట్రీ' అంటున్నారు. ఇందులో పందెం లేదు, ఓడేవాడూ లేడు. దీనిని అందరూ నేర్వాలని మేము వాదించబోవటం లేదు. కాని అభ్యాసమంటే ఏమిటో కంటికి కట్టినట్లు చూపే విద్యలలో ఇది ఒకటి. ఆ పాఠం మన కళాశాలకు అవసరమని మా అభిప్రాయం.

పేక మనకు పరాయి వస్తువు కూడా కాదు. ఐరోపాలో పేకముక్కల ప్రస్తావన 1370వ దశకం నుండి కనబడుతుంది. అవి అక్కడికి ముస్లిం దేశాల నుండే చేరాయని చరిత్రకారులు చెబుతారు. ఈజిప్టును ఏలిన మమ్లూకుల కాలపు పేక ఇస్తాంబుల్‌లోని తోప్‌కపీ మ్యూజియంలో నేటికీ ఉంది. గిన్నెలు, నాణేలు, ఖడ్గాలు, పోలో కర్రలు దాని నాలుగు రంగులు. మన నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు గుండ్రని గంజీఫా ముక్కలకు రంగులద్దినవారే.

ఇక విన్యాసానికి వద్దాము. ఒంటిచేతి కోతనే తీసుకుందాము. పేకను వ్రేళ్ళ కొనలపై నిలుపుతారు. బొటనవ్రేలి పట్టు కాస్త సడలించగానే అడుగు సగం అరచేతిలోకి జారుతుంది. చూపుడువ్రేలు ఆ సగాన్ని క్రిందినుండి బొటనవ్రేలి వైపుకు నెడుతుంది. అది అంచు దాటగానే పై సగం క్రిందికి దిగుతుంది, క్రిందిది పైకి వస్తుంది. చూచేవారికి ఇదంతా రెప్పపాటు. నేర్చుకునేవారికి మాత్రం మొదటి వారమంతా నేలమీద ముక్కలు ఏరుకోవటంతోనే సరిపోతుంది.

ఇక్కడ ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకడు మొదటినుండి చివరివరకు నూరుసార్లు చేస్తాడు. నూరుసార్లూ ఒకే చోట పేక చెదురుతుంది. రెండవవాడు ఆ చోటనే ఆగుతాడు. చూపుడువ్రేలు నెట్టే ఆ ఒక్క కదలికనే నెమ్మదిగా ఇరవైసార్లు చేస్తాడు. వారం గడిచేసరికి రెండవవానికి కోత వస్తుంది. మొదటివానికి తప్పే అలవాటుగా స్థిరపడుతుంది. చేతికి మంచిచెడ్డల విచక్షణ లేదు. మనం దేనిని మరల మరల చేయిస్తే దానినే అది నేర్చుకుంటుంది.

'వచ్చింది' అనుకోవటానికీ నిజంగా రావటానికీ ఉన్న దూరాన్ని కూడా పేక లెక్కకట్టి చూపుతుంది. 52 ముక్కలను సరిగ్గా 26 చొప్పున విడదీసి, ఆ సగం నుండి ఒకటి, ఈ సగం నుండి ఒకటిగా అల్లి కలపటాన్ని 'ఫేరో' అంటారు. పైముక్క పైనే ఉండేటట్లు ఇలా 8 సార్లు తప్పులేకుండా కలిపితే పేక మొదటి వరుసకే తిరిగివస్తుంది. ఇది గణిత సత్యం. పదింట తొమ్మిదిసార్లు సరిగా కలపగలవాడు వరుసగా ఎనిమిదిసార్లూ నెగ్గే అవకాశం నూటికి 43 మాత్రమే. నూటికి 99 సార్లు సరిగా కలపగలవానికి అది 92 అవుతుంది. ఎనిమిది మెట్లున్న లెక్కలో మన విద్యార్థి చివరి మెట్టుదగ్గర ఎందుకు జారుతున్నాడో ఇందులోనే తెలుస్తుంది. ప్రతి మెట్టూ 'దాదాపుగా' రావటం చాలదు.

"అది పుట్టుకతో రావాలి సార్" అనే మాట తరగతి గదులలో తరచు వినబడుతుంది. అర్జెంటీనా దేశస్థుడు రెనే లవాండ్ తొమ్మిదేళ్ళ వయసులో ప్రమాదంలో కుడిచేతిని కోల్పోయాడు. పేకవిద్య పుస్తకాలన్నీ రెండు చేతులవారికోసం వ్రాసినవే. కనుక ఎడమచేతికి తగిన పద్ధతులను ఆయన తానే కల్పించుకొని, 2015లో మరణించేనాటికి ప్రపంచ ప్రఖ్యాతుడైనాడు. వేల్స్ దేశస్థుడు కార్డినీ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. కందకాల చలిలో చేతితొడుగులు తీయకుండానే పేకను సాధన చేశాడు. తరువాత రంగస్థలంపై తొడుగుల చేతులతోనే ముక్కలను సృష్టించి చూపటం ఆయన ప్రత్యేకత అయింది. అమెరికాలోని రిచర్డ్ టర్నర్ చూపు కోల్పోయినవాడు. వ్రేలికొనల స్పర్శతోనే పేకను ఏలుతాడు. వీరికి పుట్టుక ఇచ్చిన సౌకర్యమేమిటో మాకు తెలియలేదు.

అభ్యాసమే సర్వస్వమని కూడా మేము అనము. 2014లో మక్‌నమారా, ఆమె సహచరులు అప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి లెక్కించారు. మనుషుల నైపుణ్యాలలోని తేడాలో అభ్యాసం వలన కలిగే భాగం మేధస్సుతో ఆడే ఆటలలో 26 శాతం, సంగీతంలో 21 శాతం, చదువులో 4 శాతం మాత్రమే అని తేల్చారు. ఈ అంకెను చూచి చదువుకు సాధన దండగ అనరాదు. అది ఒకరికీ మరొకరికీ ఉన్న తేడాను గురించిన అంకె. నిన్నటి తనకంటె నేటి తాను ఎంత మెరుగుపడినదీ అది చెప్పదు. పేక పట్టినవాడు పోటీపడేది నిన్నటి తన చేతితోనే.

మరి పేకతో కుస్తీపట్టే అదే కుర్రవాడు సంధి సూత్రం దగ్గర రెండవ రోజునే ఎందుకు నీరుగారిపోతున్నాడు? వానికి ఓర్పు లేదనటానికి వీలులేదు. అయిదువందలసార్లు ముక్కలు ఏరుకున్నవాడతడు. ఆంధ్రులు ఆరంభశూరులన్న పాత అపవాదును ఇక్కడ తగిలించి ఊరుకోవటం న్యాయం కాదు. తేడా అంతా ఏర్పాటులో ఉంది. పేక తప్పును తక్షణమే చూపుతుంది, ఎవరిముందూ అవమానించదు, వెంటనే మరల ప్రయత్నించనిస్తుంది. మన చదువులో నేడు వ్రాసిన తప్పు మూడు నెలల తరువాత మార్కుల రూపంలో, నలుగురి ఎదుట తిరిగివస్తుంది. అప్పటికి ఆ తప్పు అలవాటుగా స్థిరపడి ఉంటుంది.

పరీక్షల ముందు రాత్రుల జాగరణను కూడా ఈ సందర్భంలోనే తలచుకోవాలి. 1978లో బాడ్లీ, లాంగ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు బ్రిటిష్ తపాలా ఉద్యోగులకు టైపు నేర్పించి చూశారు. రోజుకు ఒక గంట నేర్చినవారికి, నాలుగు గంటలు నేర్చినవారికంటె మొత్తం మీద తక్కువ గంటలలోనే అది పట్టుబడింది. రోజులు ఎక్కువ పట్టాయి, శ్రమ తక్కువ పట్టింది. కొంచెం కొంచెంగా, ప్రతిదినమూ అన్న పెద్దల మాట ఉత్త నీతివాక్యం కాదని దీనివలన రుజువైంది.

ఈ సత్యం మన ఉర్దూ సంప్రదాయానికి కొత్తది కాదు. లిపికారులు ఒకే అక్షరాన్ని కాగితం నల్లబడేవరకు వ్రాసేవారు. దానినే 'సియాహ్ మష్క్' అన్నారు. కాలక్రమాన ఆ సాధన కాగితాలే కళాఖండాలుగా భద్రపరచబడ్డాయి. శిష్యుని వ్రాతను గురువు అప్పటికప్పుడు సరిదిద్దటం ఆ విద్యకు ప్రాణం.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. రోజూ చివరి అరగంటను 'మష్క్ వేళ'గా కేటాయించండి. ఆ అరగంటలో ఒక లెక్క, లేదా ఒక పేరా తెలుగు, లేదా ఒక పేరా ఉర్దూ వ్రాయించి, అధ్యాపకుడు అక్కడికక్కడే దిద్దాలి. దానికి మార్కులు వేయరాదు. దిద్దిన భాగాన్ని మాత్రమే విద్యార్థి తిరిగి వ్రాయాలి. దీనికి కొత్త గది అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. కావలసినదల్లా టైంటేబిల్‌లో చోటు. హాస్టలులో ఎవరిచేతనైనా పేక కనబడితే, లాగుకొనేముందు పందెం ఉన్నదా అని విచారించండి. ఉంటే నిర్దాక్షిణ్యంగా శిక్షించండి. లేకుంటే ఆ కుర్రవానికి సాధన చేయటం తెలుసునని గ్రహించి, వానిని మష్క్ వేళకు ముందు వరుసలో కూర్చోబెట్టండి.

విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే. పేక చెదిరిన చోటును వెతికి పట్టుకొనే ఆ కన్నుతోనే మీ నోటుపుస్తకాన్నీ చూడండి. అక్కడ కూడా చెదిరేచోటు ఒకటో రెండో ఉంటాయి, అంతే.