కుర్చీ సరే, లైబ్రేరియన్‌ని వాడుకుంటున్నామా?

పొద్దున్న ఎనిమిది కాకముందే లైబ్రరీ మెట్ల మీద బ్యాగులు వరసగా ఉంటాయి. మనుషులు టీ కొట్టు దగ్గర, బ్యాగులు క్యూలో! గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో, డీఎస్సీకో చదివేవాళ్లకు ఈ సీన్ కొత్తేమీ కాదు. తలుపు తీయగానే ఫ్యాను కింద కుర్చీ, పక్కన ప్లగ్ పాయింట్ దొరికితే చాలు, ఆ రోజు గెలిచినట్టే. పుస్తకాలు మనవే, నోట్సు మనవే, ఫోన్‌లో డేటా కూడా మనదే. లైబ్రరీ నుంచి మనం తీసుకునేది నీడ, నిశ్శబ్దం, ఓ కుర్చీ.

నేనూ అంతే. బీటెక్ అయ్యాక ఉద్యోగం రాక ఎనిమిది నెలలు ఓ శాఖా గ్రంథాలయంలో కూర్చున్నాను. అన్ని నెలల్లో అక్కడి లైబ్రేరియన్‌తో నేను మాట్లాడినవి రెండే మాటలు. "ఫ్యాన్ వేస్తారా సార్?", "ఎన్నింటికి మూసేస్తారు సార్?"

ఆయన పని ఏంటో నాకు ఓ గమ్ సీసా వల్ల తెలిసింది.

పది నిమిషాల పని

మాతో చదివే ఓ ఫ్రెండ్ కొల్లేటి లంక ఊరి నుంచి వచ్చేవాడు. వాడికి వాట్సాప్‌లో ఓ నోటిఫికేషన్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖలో ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులట. రిజిస్ట్రేషన్ ఫీజు 2,650 రూపాయలు, ఆ రాత్రే ఆఖరు. పైన సింహాల బొమ్మ, కింద సంతకం, స్టాంపు. మేం ముగ్గురం ఇంజినీరింగ్ చదివినవాళ్లం చూసి "పీడీఎఫ్ పక్కాగా ఉందిరా, అసలుదే" అని తేల్చేశాం. వాళ్ల నాన్న చేపల చెరువుల మీద కూలికి వెళ్తారు. ఆ డబ్బంటే వాళ్లింట్లో వారం ఖర్చు. అయినా అప్పు చేసి తెచ్చాడు.

ఫారానికి ఫొటో అతికించాలని లైబ్రేరియన్ దగ్గరికి గమ్ కోసం వెళ్లాడు. ఆయన కాగితం చూసి, "ఇది ఎక్కడ దొరికింది బాబూ?" అన్నారు.

"వాట్సాప్‌లో వచ్చిందండి."

"ఆ శాఖ సొంత వెబ్‌సైట్‌లో చూశావా? ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో వచ్చిందా?"

లేదన్నాడు. ఆయన అరలోంచి గత నాలుగు వారాల ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ తీసి టేబుల్ మీద పరిచారు. అందులో లేదు. కంప్యూటర్‌లో ఆ శాఖ సైట్ తెరిచారు. అక్కడా లేదు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన సైట్ అడ్రస్ చివర ప్రభుత్వ సైట్లకు ఉండే గుర్తు లేదు. ఫీజు వెళ్లేది ఎవరో ఒక మనిషి యూపీఐ నంబరుకు. మొత్తం పది నిమిషాలు. "గమ్ కావాలంటే తీసుకో, దీనికి మాత్రం వద్దు" అన్నారు.

మా ముగ్గురికీ ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో తెలుసు. ఓ సమాచారం ఎక్కడ పుట్టింది, ఎవరు చెప్పారు, ఎక్కడ సరిచూడాలి అనే పద్ధతి మాత్రం ఆయనకే తెలుసు. ఆ చదువు పేరే లైబ్రరీ సైన్స్. లైబ్రేరియన్ లేని లైబ్రరీ మంచి రీడింగ్ హాలు మాత్రమే. మనం కుర్చీలు పెంచమని అడుగుతున్నాం, మంచిదే. లైబ్రేరియన్‌ని మాత్రం అడగడం లేదు. అడగనిది ఎవరూ ఇవ్వరు. ఉన్నది కూడా మెల్లగా పోతుంది.

పడవెక్కిన పుస్తకం

ఈ ఉద్యోగం మారడం ఇప్పుడే మొదలవలేదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన రోజుల్లో అయ్యంకి వెంకట రమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారి చొరవతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది అప్పటి లెక్క. పడవ లేనిదే పొద్దు గడవని రోజులు చూసిన కొల్లేరు వాళ్లకు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది.

లెక్కల మాస్టారుగా పనిచేసి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12నే మనం లైబ్రేరియన్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి టైమ్ ఆదా చేయమంటుంది. 90 ఏళ్లు దాటినా ఇవాళ్టి ఏ యాప్‌కైనా సరిపోయే మాట.

అప్పట్లో పుస్తకం దొరకడమే కష్టం. లైబ్రేరియన్ దాన్ని కాపాడాడు, మోసుకెళ్లాడు. ఇప్పుడు సమాచారం కుప్పలుగా ఉంది. అందులో సరైనది పట్టుకోవడమే కష్టం. పని మారింది కానీ అవసరం తగ్గలేదు.

కొల్లేరు ఎంత పెద్దది?

నమ్మకపోతే ఓ చిన్న ప్రశ్న వేసుకోండి. కొల్లేరు విస్తీర్ణం ఎంత? నెట్‌లో వెతికితే ఒకచోట 308 చదరపు కిలోమీటర్లు, ఇంకోచోట 901 అని వస్తుంది. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు లెక్కేస్తే వచ్చేది 308. 1999లో ప్రకటించిన అభయారణ్యం హద్దు అదే. 10 అడుగుల కాంటూరు వరకు వెళ్తే 901. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు నమోదైంది ఈ పెద్ద అంకె. పరీక్షలో ప్రశ్న అభయారణ్యం గురించా, రామ్‌సర్ ప్రాంతం గురించా అని చూసుకోకపోతే మార్కు పోతుంది. కొల్లేరు ఊళ్లలో పొలం, చెరువు ఉన్నవాడికైతే పోయేది మార్కు కాదు. తన భూమి ఆ గీతకు లోపల ఉందా, బయట ఉందా అన్నదాని మీదే బతుకు ఆధారపడి ఉంటుంది.

ఇంకొంచెం లోపలికెళ్దాం. కొల్లేరు మీద వందేళ్ల కిందటి సమాచారం కావాలి. ఇంగ్లిష్‌లో ఇప్పటి స్పెల్లింగ్ కొట్టి పాత గెజిటీర్లలో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. తెల్లవాళ్లు దాన్ని 'కొలైర్' అని రాసుకున్నారు. ఏలూరు వాళ్లకు 'ఎల్లోర్'. అది కొడితే గుహలున్న ఎల్లోరా వచ్చి కూర్చుంటుంది. కైకలూరు లెక్కలు కావాలా? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఆ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. కాబట్టి పాత జనాభా లెక్కలు ఏలూరు జిల్లా పేరుతో దొరకవు. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉన్నా జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది.

ఒకే ఊరికి, ఒకే చెరువుకి ఉన్న ఇన్ని పేర్లను ఒకచోట కట్టిపడేసి, ఏ పేరుతో వెతికినా దొరికేలా చేయడం లైబ్రేరియన్లు ఎప్పట్నుంచో చేస్తున్న పని. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు మెటాడేటా అని కొత్తగా పిలుస్తున్నది దాన్నే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. గొప్ప పనే. కానీ చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, టైప్ చేసినవాళ్లకు తోచినట్టు ఎక్కాయి. పుస్తకం ఉంది, వెతికితే దొరకదు. స్కానర్ కొన్నారు సరే, ఆ పక్కన పేర్లు సరిచూసే లైబ్రేరియన్ కూడా ఉండాల్సింది.

ఏఐ ఉందిగా?

ఇక్కడ మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఏఐని అడిగితే క్షణంలో చెబుతుంది కదా, మధ్యలో ఈయనెందుకు?

నేను రోజూ ఏఐ టూల్స్ వాడతాను, వాటి గురించే రాస్తాను. అందుకే చెబుతున్నా. అది తెలియదని ఒప్పుకోవడం తక్కువ. లేని పరిశోధన పత్రాన్ని పేరు, సంవత్సరంతో సహా ఉన్నట్టు చూపించగలదు. కొల్లేరు విస్తీర్ణం అడిగితే ఏదో ఒక అంకె ధైర్యంగా చెబుతుంది. ఏ కాంటూరు అని తిరిగి అడగకపోవచ్చు. లైబ్రేరియన్ మొదట అడిగేదే అది. "నీకు ఇది దేనికి బాబూ?" ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది.

ఇంకోటి. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి తేవడం లక్ష్యం. తాడేపల్లిగూడెం నిట్, పక్కనే వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటివి ఈ కోవలోకే వస్తాయి. మరి ప్రభుత్వ కాలేజీల్లో చదివే మీలో ఎంతమంది ఒక్కసారైనా లాగిన్ అయ్యారు? ప్రజల డబ్బుతో కొన్న తాళం చెవి అది. అది ఎలా తిప్పాలో చూపించేది కాలేజీ లైబ్రేరియనే. ప్రైవేటు కాలేజీల వాళ్లకైతే డబ్బు కట్టకుండా చదవగలిగే జర్నళ్లేవో, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరికే శోధ్‌గంగ ఎలా వాడాలో చెప్పేదీ లైబ్రేరియనే. ప్రాజెక్టు రిపోర్టులో కాపీ ఎంత ఉందో చూసే సాఫ్ట్‌వేర్ కూడా చాలాచోట్ల వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఉద్యోగంగా పనికొస్తుందా?

కెరీర్ పేజీ కాబట్టి నిజం చెప్పాలి. ప్రభుత్వ లైబ్రరీ పోస్టులు తరచూ పడవు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఎక్కువ. ఒకే మనిషి తాళం తీసి, ఊడ్చి, పేపర్లు సర్ది, లెక్కలు రాసే శాఖలు నేను చూశాను. ఆ మనిషికి మీ ప్రశ్నకు టైమ్ ఎక్కడిది? కాబట్టి ఇది గ్యారంటీ ఉద్యోగమని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయినా దారి ఉంది. డిగ్రీ తర్వాత సాధారణంగా ఏడాది బీఎల్ఐఎస్సీ, ఆపైన ఎంఎల్ఐఎస్సీ. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో ద్వారా దూరవిద్యలోనూ చేయొచ్చు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు లైబ్రేరియన్లను తీసుకుంటాయి. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం, నెట్ అర్హత చూస్తారు. ఇంజినీరింగ్ చేసినవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ప్రపంచమంతా వాడే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ 'కోహా' ఉచితం. న్యూజిలాండ్‌లో ఓ చిన్న లైబ్రరీ వ్యవస్థ కోసం 1999లో మొదలైంది. లోపలంతా పెర్ల్, మైఎస్‌క్యూఎల్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, తెలుగు పుస్తకాల రికార్డులు సరిగ్గా ఎక్కించడం నేర్చుకుంటే అది కేవలం లైబ్రరీకే కాదు, డేటా సర్దే ఏ కంపెనీలోనైనా అక్కరకొచ్చే పని.

మనం అడగాల్సింది

ఈ లైబ్రరీలు ఎవరి డబ్బుతో నడుస్తాయో తెలుసా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. అంటే మీ ఇంట్లోవాళ్లు కడుతున్నదే. పంచాయతీ, మునిసిపాలిటీ వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరాలి. చేరితేనే పోస్టులు, పుస్తకాలు. మీ ఊరి సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియదా? లైబ్రేరియన్‌ని అడగండి!

కుర్చీలు చాలడం లేదని అర్జీ పెట్టేటప్పుడు అందులో ఇంకో రెండు వాక్యాలు కలపండి. శిక్షణ ఉన్న లైబ్రేరియన్‌ని పూర్తికాలం నియమించమని, ఊడ్చే పని, తాళాల పని వేరే మనిషికి ఇవ్వమని. రోజుకు ఎంతమంది వచ్చారో రాసే రిజిస్టర్ పక్కన, ఎన్ని ప్రశ్నలకు జవాబు దొరికిందో రాసే రిజిస్టర్ కూడా పెట్టమని. మనం అడిగే ప్రశ్నలే ఆ పోస్టు ఎందుకు ఉండాలో చెప్పే సాక్ష్యం.

మా ఫ్రెండ్ అప్పు తెచ్చిన డబ్బులో 500 ఆ నెలలోనే ఓ అసలైన పరీక్ష ఫీజుకు కట్టాడు. మిగతాది ఎవరిది వాళ్లకి తిరిగిచ్చేశాడు. ఆ పరీక్షలో రాలేదు, ఆ తర్వాత ఇంకోదాంట్లో వచ్చింది. ఇప్పటికీ ఏ నోటిఫికేషన్ వచ్చినా నాకు పంపి, ఆ సార్ అడిగిన ప్రశ్నే అడుగుతాడు. "ఒరేయ్, ఇది ఎక్కడ దొరికింది?"

రేపు పొద్దున్న లైబ్రరీకి వెళ్లినప్పుడు బ్యాగు కుర్చీలో పెట్టేసి, ఒక్కసారి ఆ టేబుల్ దగ్గరికి వెళ్లండి. ఫ్యాన్ గురించి కాకుండా, మీకు నిజంగా తెలియని ఒక్క విషయం అడిగి చూడండి.