ఆట నేర్పే కొలువు ఆడవాళ్ళది కాదా?

ఆడపిల్లల చదువు కోసం మనం ఇచ్చే అర్జీల్లో హాస్టలు అన్నం ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, బాల్యవివాహాలుంటాయి. ఆటస్థలం మాత్రం ఎప్పుడూ చివరి అంశమే. ఆట నేర్పే మనిషి సంగతైతే అసలే ఉండదు. అశ్వారావుపేట లాంటి అటవీ ప్రాంతం గురించి ఆలోచించినప్పుడు ఇది చిన్న లోపమని నేను అనుకోను.

అమెరికాలో టెన్నెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు 1974లో పాట్ సమిట్ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి కోచ్ అయింది. నెలకు 250 డాలర్ల జీతం. జట్టు వ్యాను నడపడం, ఆటగత్తెల దుస్తులు ఉతకడం కూడా ఆమె పనే. 2012లో విరమించేనాటికి ఆమె జట్లు 1,098 ఆటలు గెలిచాయి, ఎనిమిదిసార్లు జాతీయ ఛాంపియన్లయ్యాయి. మగవాళ్ళ జట్టుకు రమ్మని పిలిస్తే, అది పైమెట్టు ఎలా అవుతుందని ఎదురడిగింది. రైతు బిడ్డ అయిన ఆమె బడిలో చదివేటప్పుడు తమ ప్రాంతపు బడిలో ఆడపిల్లల జట్టు లేదు. ఆమె ఆడుకోవడం కోసం ఇంటిల్లిపాదీ పక్క ప్రాంతానికి మకాం మార్చారు.

మన దగ్గరా అలాంటి ఇల్లుంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష క్రికెట్ కోసం ఆమె కుటుంబం సికింద్రాబాద్ చేరింది. 2023, 2025లలో అండర్-19 మహిళల టి-20 ప్రపంచకప్ గెలిచిన జట్లలో త్రిష ఉంది. 2025లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. ఆ తల్లిదండ్రులకు చేతులెత్తి మొక్కాలి. కానీ నా ప్రశ్న వేరు. పోడు వదిలి కదలలేని కోయ తల్లిదండ్రుల బిడ్డ ఏం చేయాలి? పామాయిల్ తోటలో కూలికి వెళ్ళే తల్లి కూతురి కోసం ఏ ఊరికి మకాం మార్చాలి? కుటుంబం కదలలేనప్పుడు కోచ్ ఇక్కడికి రావాలి. అది ప్రభుత్వం చేయవలసిన పని.

ఆ కోచ్ స్త్రీ అయితే మరీ మంచిదంటాను. 1891లో పుట్టిన బాస్కెట్‌బాల్‌ను మరుసటి ఏడాదే స్మిత్ కాలేజీ అమ్మాయిలకు నేర్పింది సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయినే. పొద్దున్నే మైదానానికి పిల్లను పంపడానికి జంకే తల్లికి పి.డి. మేడం ఉందంటే కొండంత ధైర్యం. నెలసరి రోజున నొప్పిగా ఉందని చెప్పడానికి పిల్లకు నోరు పెగులుతుంది. అంతకు మించి, ఆడినవాళ్ళు పెళ్ళితో ఆగిపోకుండా బతకగలిగే వృత్తి ఇదని కళ్ళముందు కనిపిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. అమెరికాలో 1972లో విద్యాసంస్థల్లో స్త్రీలకు సమాన అవకాశాల చట్టం వచ్చింది. అప్పుడు కాలేజీ మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా స్త్రీలే. చట్టంతో ఆడపిల్లల ఆటకు డబ్బు వచ్చింది, జీతాలు పెరిగాయి. 2014 నాటికి స్త్రీ కోచ్‌లు 43 శాతానికి పడిపోయారు. జీతం లేనప్పుడు ఆడవాళ్ళ సేవ, జీతం వచ్చాక మగవాళ్ళ ఉద్యోగం! ఈ లెక్క మనకు తెలియనిది కాదు.

కోచ్ స్త్రీ అయినంత మాత్రాన భద్రత దానంతటదే రాదు. 2023 జనవరిలో పేరున్న మహిళా రెజ్లర్లే లైంగిక వేధింపులపై ఢిల్లీ రోడ్డున కూర్చోవలసి వచ్చింది. 2013 వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, పోటీలు జరిగే స్థలాన్నీ కూడా పనిస్థలంగానే గుర్తించింది. ఈ సంగతి ఎంతమంది క్రీడాకారిణులకు చెప్పాం?

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. బాలికల గురుకులాల్లో, కాలేజీల్లో వ్యాయామ అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచకూడదు. కాంట్రాక్టుగా కాక పర్మనెంటుగా నింపాలి, స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. గిరిజన యువతులకు బి.పి.ఇడి., పాటియాలా కోచింగ్ డిప్లొమా చదవడానికి ఉపకార వేతనాలు కావాలి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు మైదానం గోడమీద తెలుగులో రాయాలి.

బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. ఇంత అడవి ఉన్నచోట మన పిల్లలకు ఆ కాస్త నేల, దాని మీద నిలబడి నేర్పే ఒక స్త్రీ కావాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. వచ్చే అర్జీలో ఈ అంశం మొదట రాద్దాం.