పండు మీది మందును కొలుస్తారు, కూలి ఒంట్లోది కొలవరా?

ద్రాక్ష చలిదేశపు తీగ. అక్కడ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, ఎండ రాగానే చిగురిస్తుంది. మన దగ్గర దానికి ఆ నిద్ర లేదు. అందుకే హైదరాబాదు పక్క తోటల్లోనైనా, నాసిక్‌లోనైనా ఏడాదికి రెండుసార్లు కత్తెర వెయ్యాలి. వేసవి కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. ఆ కత్తెర పట్టేది మన కూలీలే.

చలి లేనందువల్ల కళ్లు సరిగా పగలవు. దానికని హైడ్రోజన్ సైనమైడ్ అనే మందు పూయిస్తారు. గుడ్డ ముంచి కన్ను కన్నుకూ పూసేది చాలాచోట్ల ఆడవాళ్లే, అదీ వట్టి చేతులతో. చర్మాన్ని కాల్చే మందు అది. అది ఒంటికి పట్టినవాడు కల్లు గానీ మద్యం గానీ తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు పట్టుకుంటాయి. ఆ పని చేసే రోజుల్లోనూ, తర్వాత వారం పాటూ తాగొద్దని మేము ప్రతి ఊళ్లో చెబుతున్నాం. ఈ ముక్క తోట యజమాని ఎందుకు చెప్పడు?

ఇక వాన సంగతి. లేత ఆకు, పూత మీద ఉండగా తుపాను వాన తగిలిందా, బూజు తెగులు దిగుతుంది. ఆకు పైన పసుపు మచ్చ, అడుగున తెల్ల బూజు. చూస్తుండగానే గుత్తి ఎండిపోతుంది. కనుక వాన వెలిసీ వెలవకముందే మందు కొట్టమంటారు. తడి దేశంలో ద్రాక్ష పండించడమంటే మందు మీద మందు కొట్టడమే.

మిరప చేలో మందు కిందికి కొడతాం. ద్రాక్ష పందిరి కింద నిలబడి పైకి కొట్టాలి. కొట్టిందంతా మొహం మీదికే దిగుతుంది.

"మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమేగా, ఏం కాదు" అంటాడు మేస్త్రీ. ఆ మాట నమ్మవద్దు. ఏళ్ల తరబడి ఆ మిశ్రమమే కొట్టిన పోర్చుగల్ ద్రాక్షతోటల కూలీల ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, వాటిలో రాగి పేరుకుందనీ 1969లోనే అక్కడి వైద్యులు ప్రకటించారు.

2010లో మన ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ అనే మందు అవశేషం పరిమితికి మించి ఉందని యూరప్ దేశాలు సరుకును నిలిపివేశాయి. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, ప్రభుత్వం కదిలింది. మంచిదే, తినేవాడి ప్రాణం ప్రాణమే. మరి ఆ మందును పీల్చినవాడిదో? పండును ప్రయోగశాలకు పంపినవాళ్లు ఒక్క కూలి రక్తాన్నయినా పరీక్షకు పంపారా?

చట్టం లేదనడానికి లేదు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లో మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, విరుగుడు మందులు, శిక్షణ, అన్నీ రాశారు. కాగితం మీదే ఉన్నాయి.

రెండెకరాల చిన్నరైతు మనకు శత్రువు కాదు. అప్పు తెచ్చి పందిరి వేసి, తానే ట్యాంకు వీపున వేసుకుని ఆ మందే పీలుస్తున్నాడు. అతనికి రక్షణ సామగ్రి ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. కూలీలతో తోట నడిపే పెద్ద యజమానులు, ఎగుమతి కంపెనీలు తమ ఖర్చుతో ఇవ్వాలి. పందిరి కింద పనికి రేటు వేరుగా కట్టాలి. పనికి పిలిచి, వాన పేరు చెప్పి వెనక్కి పంపితే సగం కూలి చెల్లించాలి. మందు కొట్టేవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష జరగాలి.

ఇవి ఒక్కొక్కరం అడిగితే వచ్చేవి కావు. అక్టోబరు కత్తిరింపు వారం పది రోజులు ఆగితే పంట లెక్క తారుమారవుతుందని యజమానికి తెలుసు. మనకూ తెలియాలి. కత్తెర పట్టకముందే ఊరూరా కూలీలు కూర్చుని షరతులు తేల్చుకోవాలి.